రెండు వైపులా శుక్రవాహిక లేదంటున్నారు. వృషణాలు బాగున్నా వీర్యకణాల కౌంట్ సున్నా ఎందుకు?

పాలేరు_వాసి (ప్రశ్న):

అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు. సత్తుపల్లి దగ్గర మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. పెళ్లయి నాలుగేళ్లు దాటింది, పిల్లలు లేరు. ఇన్నాళ్లూ పరీక్షలన్నీ మా ఆవిడకే చేశారు. ట్యూబ్ టెస్ట్ చేశారు, నెలనెలా స్కానింగులు తీశారు, గుడ్డు పెరగడానికి మాత్రలు ఇచ్చారు. అన్నీ నార్మలే. ఆఖరికి ఈ వేసవిలో నాకు వీర్య పరీక్ష రాశారు.

మొదటి రిపోర్టు: వాల్యూమ్ 0.6 ఎం.ఎల్., పీహెచ్ 6.5, ఫ్రక్టోజ్ నెగెటివ్, వీర్యకణాలు నిల్. కొన్ని వారాలు ఆగి ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే వాల్యూమ్ 0.5, మిగతా అంతా అదే. రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలను పనిచేయించే హార్మోన్) 4.1, టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) నార్మల్. స్కానింగ్‌లో రెండు వృషణాలూ మామూలు సైజులోనే ఉన్నాయి, ఎపిడిడిమిస్ (వృషణం వెనక ఉండే మెలికల నాళం) తల మాత్రం కొంచెం ఉబ్బి ఉందని రాశారు.

ఖమ్మంలో యూరాలజిస్టుకు చూపించుకున్నాను. నిలబెట్టి చేత్తో పరీక్ష చేసి, "రెండు వైపులా వాస్ (శుక్రవాహిక, అంటే వృషణం నుంచి కణాలను తెచ్చే గొట్టం) తగలడం లేదు, పుట్టుకతోనే లేదు. కణాలు సూదితో తీసి ఇక్సీ (ల్యాబ్‌లో ఒక కణాన్ని అండంలోకి ఎక్కించే పద్ధతి) చేయించుకోవాలి" అన్నారు. బయట జనం చాలామంది ఉన్నారు, ఎక్కువ అడగలేకపోయాను.

నాకు అర్థం కానిది ఒకటే. మగతనానికి సంబంధించి నాకు ఏ ఇబ్బందీ లేదు, గడ్డం మీసం అన్నీ బాగానే ఉన్నాయి. మరి లోపల ఒక గొట్టం మొత్తానికి లేకుండా ఎలా పుడతాం? ఆపరేషన్ చేసి పెట్టలేరా? బయాప్సీ (వృషణం నుంచి చిన్న ముక్క తీసి చూడటం) కూడా చేయించుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు, అది అవసరమా? రేపు నాకు కొడుకు పుడితే వాడికీ ఇదే వస్తుందా? నేను కడుపులో ఉండగా గ్రహణం రోజు కూరగాయలు తరిగానని, అందుకే ఇలా అయిందని మా అమ్మ ఒకటే ఏడుపు. తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి.

ల్యాబ్_గుంటూరు:

అన్నా, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. వాల్యూమ్ తక్కువ వచ్చినప్పుడు ముందు మేం అడిగేది శాంపిల్ కొంచెం కింద పడిందా అని. చాలామంది భయపడి చెప్పరు. చివరిసారి స్ఖలనం అయ్యాక 2 నుంచి 7 రోజుల ఎడం ఉండాలి, మొత్తం డబ్బాలోనే పడాలి. నిల్ అని రాసేముందు శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినదాన్ని కూడా మైక్రోస్కోప్ కింద చూడాలి. రిపోర్టులో "పెల్లెట్ చూశాం" అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండు వేర్వేరు ల్యాబుల్లో అంకెలు ఇంత దగ్గరగా వచ్చాయంటే మాత్రం శాంపిల్ పొరపాటు అయ్యుండదు.

సుభద్ర_కాకినాడ:

నాన్నా, నేను మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పి రిటైరయ్యాను. మీ చికిత్స సంగతి మీ యూరాలజిస్టే చెప్పాలి, అందులో నేను వేలు పెట్టను. కానీ ఆ నాళం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిసెక్షన్ హాల్లో ఏళ్ల తరబడి పిల్లలకు చూపించాను. మీ రిపోర్టులో ఉన్న ప్రతి అంకెకూ జవాబు ఆ దారిలోనే ఉంది. అందుకని దారి మొత్తం చెబుతాను, ఓపిగ్గా చదవండి.

వీర్యకణాలు తయారయ్యేది వృషణం లోపలి సన్నటి నాళికల్లో. ఒక విడత తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది. అవి వృషణం వెనక భాగానికి చేరి, అక్కడి నుంచి డజనుకు పైగా ఉన్న చిన్న నాళాల్లోంచి ఎపిడిడిమిస్ తలలోకి వెళతాయి. ఎపిడిడిమిస్ వృషణం వెనక అంటుకుని ఉంటుంది. పైకి వేలెడంత కూడా కనిపించదు గానీ, అది మెలికలు మెలికలుగా ముడుచుకున్న ఒకే ఒక్క నాళం. విప్పి సాగదీస్తే దాదాపు 6 మీటర్లు ఉంటుంది! మొదటిసారి విన్న ఏ విద్యార్థీ నమ్మడు. తల, మధ్యభాగం, తోక అని దాన్ని మూడు భాగాలుగా చెబుతాం. వృషణంలోంచి వచ్చిన కణానికి ఈదే శక్తి ఉండదు, ఈ 6 మీటర్లు ప్రయాణం చేసే రోజుల్లోనే అది వస్తుంది.

తోక దగ్గరికి వచ్చేసరికి ఆ నాళం మెలికలు తగ్గి, గోడ మందమై శుక్రవాహిక అవుతుంది. మీ డాక్టరుగారు వాస్ అన్నది దీన్నే. పొడవు 30 నుంచి 45 సెంటీమీటర్లు. బయటి మందం 2, 3 మిల్లీమీటర్లు ఉంటే లోపలి రంధ్రం అర మిల్లీమీటరు, అంతే. మిగతాదంతా మూడు వరసల కండరం. అందుకే వృషణాల సంచిలో వేళ్ల మధ్య పట్టుకుంటే గట్టిగా పేనిన పురికొసలా తగులుతుంది. పక్కన ఉండే రక్తనాళాలు మెత్తగా నొక్కుకుపోతాయి, ఇది నొక్కుకుపోదు. తెలిసిన చెయ్యి దీన్ని పోల్చుకోవడానికి క్షణం చాలు. మీకు నిలబెట్టి చేత్తో చూసి చెప్పారంటే అది మొక్కుబడి పరీక్ష అనుకోకండి. ఈ విషయం తేల్చేది ఆ చేతి పరీక్షే.

అక్కడి నుంచి శుక్రవాహిక గజ్జలోంచి పైకి వెళ్లి పొత్తికడుపులోకి దిగుతుంది. మూత్రాశయం పక్కనుంచి వెనక్కి తిరిగి, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం మీదుగా దాటి, మూత్రాశయం వెనక కాస్త వెడల్పవుతుంది. అక్కడ సెమినల్ వెసికిల్ అనే గ్రంథి నాళం దానితో కలుస్తుంది. ఆ రెండూ కలిస్తే వచ్చేదే స్ఖలన నాళం. అది సుమారు 2 సెంటీమీటర్లే. ప్రోస్టేట్ గ్రంథిలోంచి దూసుకుపోయి మూత్రమార్గంలో తెరుచుకుంటుంది. కుడి ఎడమల రెండు దారులూ అక్కడే ముగుస్తాయి.

ఇప్పుడు మీ రిపోర్టు తీసుకోండి. వీర్యంలో వీర్యకణాల వంతు చాలా కొద్ది, నూటికి ఐదు కూడా ఉండదు. మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, సెమినల్ వెసికిల్స్ నుంచే వస్తుంది. ఫ్రక్టోజ్ అనే చక్కెర వచ్చేదీ అక్కడి నుంచే. వీర్యానికి క్షారగుణం ఇచ్చేదీ ఆ ద్రవమే. మిగిలినది ఎక్కువగా ప్రోస్టేట్‌ది, దానికి కాస్త ఆమ్లగుణం. మీకు వాల్యూమ్ అర ఎం.ఎల్., పీహెచ్ 7 కంటే కింద, ఫ్రక్టోజ్ లేదు. అంటే మీకు బయటికి వస్తున్నది దాదాపుగా ప్రోస్టేట్ ద్రవం ఒక్కటే. శుక్రవాహికతో పాటు సెమినల్ వెసికిల్స్ కూడా లేవు, లేదా సరిగ్గా పెరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన పుస్తకంలో వాల్యూమ్‌కు కింది హద్దు 1.4 ఎం.ఎల్. మీది అందులో సగం కూడా లేదు. కౌంట్ సున్నా అనగానే అందరూ ఆ సున్నానే పట్టుకుంటారు, పైన ఉన్న వాల్యూమ్‌ను ఎవరూ చదవరు. నా బాధల్లా అదే. ఆ మొదటి వరసే సగం సంగతి చెప్పేస్తుంది.

ఒక్క జాగ్రత్త. స్ఖలన నాళం ప్రోస్టేట్ దగ్గర మూసుకుపోయినా అంకెలు సరిగ్గా ఇలాగే వస్తాయి. కానీ అలాంటివారికి శుక్రవాహిక చేతికి తగులుతుంది, ఆ అడ్డును లోపలి నుంచి తొలగించే ఆపరేషన్ కూడా ఉంది. మీకు ఆ అనుమానం లేకుండా చేసింది కూడా చేతి పరీక్షే.

గడ్డం, మీసం, మగతనం గురించి అడిగారు. టెస్టోస్టెరాన్ వృషణం నుంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది, దానికి ఈ నాళంతో పని లేదు. నాళం ఉన్నా లేకున్నా ఆ పని ఆగదు. వృషణాల సైజు, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ మామూలుగా ఉన్నాయంటే లోపల కణాలు తయారవుతున్నాయనే అర్థం. ఎపిడిడిమిస్ తల ఉబ్బింది కూడా అందుకే, వచ్చిన కణాలకు ముందుకు పోయే దారి లేదు. పాతబడినవాటిని శరీరమే కరిగించుకుంటుంది, మీకు హాని ఏమీ లేదు. ఈ పరిస్థితిలో బయాప్సీ సాధారణంగా అవసరం ఉండదు. ఎవరో అన్నారని చేయించుకోవద్దు, మీ డాక్టరుగారిని అడగండి.

లేకుండా ఎలా పుడతాం అంటే, వృషణం ఒకచోట నుంచి, ఈ నాళాలు ఇంకోచోట నుంచి తయారవుతాయి. పిండంలో రెండు వైపులా వుల్ఫియన్ నాళం అని ఒకటి ఉంటుంది. 18వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త కాస్పర్ ఫ్రెడ్రిక్ వుల్ఫ్ పేరు దానికి పెట్టారు. మగపిండంలో టెస్టోస్టెరాన్ మొదలవగానే ఆ నాళమే ఎపిడిడిమిస్‌గా, శుక్రవాహికగా, సెమినల్ వెసికిల్‌గా మారుతుంది. దానికి ఏదైనా అయితే ఈ మూడూ దెబ్బతింటాయి, వృషణం మాత్రం చెక్కుచెదరదు. మీ శరీరంలో జరిగింది ఇదే. ఎపిడిడిమిస్ తల మాత్రం చాలామందికి మిగిలే ఉంటుంది, మీకూ ఉంది. ఆపరేషన్ మాటకొస్తే, నాళం ఉండి మధ్యలో తెగితే కలపొచ్చు. అసలు లేనప్పుడు కలపడానికి రెండో కొస ఉండదు. మీ డాక్టరుగారు సూది దారి చెప్పింది అందుకే.

మీ అమ్మగారితో చెప్పండి, గ్రహణానికీ కత్తిపీటకూ దీనితో ఏ సంబంధమూ లేదు. నెల తప్పిన సంగతి తెలిసి కొద్దివారాలు కూడా కాకముందే లోపల ఈ నాళాల కథ నడుస్తూ ఉంటుంది. ఆవిడ చేసిందీ లేదు, చేయనిదీ లేదు. ఇది గట్టిగా చెప్పండి, ముప్పై ఏళ్లుగా లేని బరువు ఇప్పుడు ఎత్తుకుంటున్నారు పాపం.

ఇక రెండు పనులు మిగిలాయి. కడుపు స్కానింగ్ చేయించారా? ఆ వుల్ఫియన్ నాళం నుంచే కిడ్నీకి, మూత్రనాళానికి మొగ్గ పుడుతుంది. అందుకని కొందరికి ఒకవైపు కిడ్నీ కూడా ఉండదు. ఉన్న ఒక్కటీ బాగా పనిచేస్తుంది గానీ, ఆ సంగతి తెలిసి ఉండాలి. రెండోది, సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు పరీక్ష. ఇది మీకూ మీ ఆవిడకూ ఇద్దరికీ ఉండాలి, ఇక్సీ మొదలుపెట్టకముందే. దాని గురించి రాసేముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీది మేనరికమా?

బొబ్బిలి_శ్రీను:

మేడమ్, మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నాకూ రిపోర్టులో నిల్ అనే వచ్చింది. కానీ వాల్యూమ్ 2.8, ఫ్రక్టోజ్ పాజిటివ్. చిన్నప్పుడు రెండు వైపులా హెర్నియా ఆపరేషన్ జరిగింది. నాకూ వాస్ లేనట్టేనా?

సుభద్ర_కాకినాడ:

కాదు శ్రీనూ, మీది వేరే కథలా ఉంది. వాల్యూమ్ బాగుంది, ఫ్రక్టోజ్ ఉంది. అంటే సెమినల్ వెసికిల్స్ నుంచి కిందికి దారి తెరిచే ఉంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ల రిపోర్టు ఇలాగే ఉంటుంది. వాళ్లకు కత్తిరించేది సంచి దగ్గర, ద్రవం కలిసేది దానికి ఎంతో పైన, అందుకే వాల్యూమ్‌లో తేడా తెలియదు.

శుక్రవాహిక గజ్జలోంచే వెళుతుందని చెప్పాను కదా, హెర్నియా ఆపరేషన్ చేసేది కూడా అక్కడే. పసిపిల్లల్లో ఆ నాళం మరీ సన్నంగా ఉంటుంది, కొన్నిసార్లు దెబ్బతినే అవకాశం ఉంది. వృషణంలో తయారీయే లేకపోయినా వాల్యూమ్ మామూలుగానే వస్తుంది కాబట్టి ముందు మీ ఎఫ్‌ఎస్‌హెచ్, వృషణాల సైజు చూపించుకోండి. అవి బాగుంటే ఆ పాత ఆపరేషన్ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. గజ్జ దగ్గర అడ్డు అయితే మైక్రోస్కోప్ కింద కలపడానికి వీలుంటుందేమో వాళ్లు చూస్తారు. మీ ఇద్దరికీ కౌంట్ ఒకటే సున్నా అయినా, అడ్డు ఉన్న చోటు వేరు, చికిత్సా వేరు.

పాలేరు_వాసి:

మేడమ్, నాలుగేళ్లలో ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా అమ్మకు చదివి వినిపించాను. కిడ్నీ స్కానింగ్ ఈ రోజే చేయించాను, రెండూ ఉన్నాయి.

అవును, మేనరికమే. మా ఆవిడ మా మేనమామ కూతురు. మామయ్య అమ్మకు సొంత తమ్ముడు. మా ఇంట్లో గానీ మామయ్య ఇంట్లో గానీ ఇలాంటిది ఎవరికీ లేదు, అందరికీ పిల్లలున్నారు. మరి జన్యువు అంటే ఎలా కుదురుతుంది? పైగా ఆ టెస్ట్ ఖరీదు ఎక్కువట, మా ఆవిడకు కూడా తప్పదా?

సుభద్ర_కాకినాడ:

మీ ఆవిడకు తప్పదు నాన్నా. మీకన్నా ముందు ఆమెకే కావాలని కూడా అంటాను. ఎందుకో చెబుతాను.

సీఎఫ్‌టీఆర్ జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. 1989లో కనుక్కున్నారు. ఒంట్లో స్రవించే ద్రవాలు పలచగా ఉండటానికి అది కావాలి. అది ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులు ఉంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. రెండూ బాగా పాడైతే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు వస్తుంది. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోతుంది, తిన్నది అరగదు, పసితనం నుంచే అవస్థ. ఆ జబ్బున్న మగవాళ్లలో దాదాపు అందరికీ శుక్రవాహిక ఉండదు. ఒకటి బాగా పాడై, రెండోది కొద్దిగా మాత్రమే పాడైతే మనిషి ఆరోగ్యంగానే పెరుగుతాడు, శుక్రవాహిక మాత్రం నిలవదు. మీలాంటివారిలో చాలామందికి కారణం ఇదే. అందరికీ కాదు, కొందరికి పరీక్షలో ఏమీ దొరకదు.

ఒక్క ప్రతి పాడైనవాళ్లకు మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, పిల్లలు కూడా పుడతారు. మీ ఇంట్లో ఎవరికీ లేదన్నారు కదా, లేకపోవడం కాదు, ఉన్నా బయటపడే అవసరం రాకపోయి ఉండొచ్చు. మీకు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసి ఉండొచ్చు.

మేనరికం ఎందుకు అడిగానో ఇప్పుడు చూడండి. మీలో పాడైన ప్రతుల్లో ఒకటి అమ్మ నుంచి వచ్చిందే అనుకోండి. అదే ప్రతి ఆవిడ తమ్ముడికి కూడా వచ్చి ఉండే అవకాశం సగం. ఆయన నుంచి కూతురికి రావడానికి మళ్లీ సగం. అంటే మీ ఆవిడలో అదే లోపం ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. బయటి సంబంధం అయితే ఇది చాలా తక్కువగా ఉండేది. ఒకవేళ ఆమెకు ఉండి, మీ రెండు ప్రతులూ లోపమున్నవే అయితే, బిడ్డకు మీ నుంచి ఒకటి ఎలాగూ వెళుతుంది, ఆమె నుంచి వెళ్లే అవకాశం ప్రతి గర్భంలో సగం. ఏ రెండు కలిశాయన్నదాన్ని బట్టి బిడ్డకు ఆ పెద్ద జబ్బే రావచ్చు, లేదా కొడుకైతే మీలాగే కావచ్చు. ఆమెకు లేదని తేలితే బిడ్డకు ఆ ప్రమాదం చాలావరకు తగ్గిపోతుంది. కొడుకుకు వస్తుందా అన్న మీ ప్రశ్నకు జవాబు మీలో లేదు, ఆమె రిపోర్టులో ఉంది.

మామూలుగా ఈ లోపం వచ్చే తరానికి పోదు, ఎందుకంటే వీరికి సహజంగా పిల్లలు పుట్టరు. ఇక్సీతో ఇప్పుడు పుడుతున్నారు. ఒకే కణాన్ని అండంలోకి ఎక్కించే ఆ పద్ధతితో గర్భాలు నిలిచినట్టు 1992లో బ్రస్సెల్స్ వాళ్లు ప్రకటించాకే మీలాంటివారికి సొంత బిడ్డ అనే ఆశ నిజంగా వచ్చింది. దానితోపాటే ఈ పరీక్ష బాధ్యత కూడా. ఆమెకు ఉందని తేలినా దారి మూసుకుపోదు. పిండాన్ని గర్భంలో పెట్టకముందే పరీక్షించే వీలుంది, గర్భం వచ్చాక మూడో నెలలో చేసే పరీక్షా ఉంది. మీ ఇద్దరి రిపోర్టులూ కలిపి జెనెటిక్ కౌన్సెలర్‌కు చూపించండి, ఇక్సీ కోసం ఇంజెక్షన్లు మొదలయ్యేలోపే.

తరచూ సైనస్, విడవని దగ్గు మీకు ఉంటే అది కూడా వాళ్లకు చెప్పండి.

డల్లాస్_లావణ్య:

పాలేరు గారూ, మా వారిదీ ఇదే కేసు. మాది వరంగల్, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నాం. ఇక్కడ గర్భిణులందరినీ సీఎఫ్ (సిస్టిక్ ఫైబ్రోసిస్) క్యారియర్ టెస్ట్, అంటే ఒక ప్రతి పాడైందా అని చూసే పరీక్ష, చేయించుకుంటారా అని అడుగుతారు, అందుకే నాకు ముందే తెలిసింది. మాకు ఉపయోగపడిన ఒక మాట చెబుతాను. మామూలు ప్యానెల్ టెస్టులు ఎక్కువగా యూరప్ వాళ్లలో కనిపించే లోపాలనే వెతుకుతాయి. మనవాళ్లలో వేరే రకాలు కూడా ఉంటాయి కాబట్టి ప్యానెల్‌లో నెగెటివ్ వచ్చినా పూర్తిగా లేదని కాదు. మా కౌన్సెలర్ జన్యువు మొత్తం చదివే టెస్ట్ చేయించారు, 5టీ అనేది (ఆ జన్యువులోనే ఉండే ఒక రకం తేడా) కూడా చూశారో లేదో అడగమన్నారు. మా వారికి అదే దొరికింది.

సూదితో తీయడానికి మరీ టెన్షన్ పడకండి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి ఎపిడిడిమిస్ తలలోంచి తీశారు, మా వారు ఆ సాయంత్రమే ఇంటికొచ్చారు. కొన్ని రోజులు బిగుతు లోదుస్తులు వేసుకోమన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. మీరు మోటార్లు ఎత్తే పని కదా, షాపులో ముందే ఎవరినైనా పెట్టుకోండి.

ఇంకోటి, తీసిన రోజే మిగిలిన కణాలను ఫ్రీజ్ చేయమని ముందుగా అడిగి, కాగితం మీద రాయించుకోండి. మొదటి ప్రయత్నం కుదరకపోతే మళ్లీ సూది గుచ్చే పని ఉండదు. ఏడాదికి ఎంత అద్దె, ఎన్ని సీసాల్లో పెడతారు అన్నది క్లినిక్‌ను బట్టి మారుతుంది, డబ్బు కట్టేముందే తెలుసుకోండి.

పాలేరు_వాసి:

థాంక్స్ అక్కా. మేడమ్, సోమవారం హైదరాబాద్ వెళుతున్నాం, ఇద్దరం రక్తం ఇచ్చి వస్తాం. రిపోర్టులు రాగానే ఇక్కడే పెడతాను.